లయ ఎవరిది? దంపుడు పాటలపై ఒక నైతిక విచారణ

తెలుగు జానపద గేయాలను గురించిన పాఠ్యగ్రంథాల్లోనూ వ్యాసాల్లోనూ శ్రమగేయాల ప్రస్తావన వచ్చినప్పుడు ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది. శ్రమను మరచిపోవడానికి శ్రామికులు పాట పాడుకుంటారన్నదే ఆ వాక్యం. విద్యార్థుల జవాబుపత్రాల్లో సైతం స్థిరపడిపోయిన ఈ మాటను ప్రశ్నించిన సందర్భాలు తక్కువ. చూడటానికి ఇది నిరపాయమైన పరిశీలనగానే కనిపిస్తుంది. కాని దీని లోపల ఒక నైతిక నిర్ణయం ఇమిడి ఉంది. శ్రమ మరచిపోవలసినది; పాట ఆ మరపును కలిగించే మందు; పాడే మనిషి ఆ మందు అవసరమైన రోగి. ఈ మూడింటినీ అంగీకరిస్తే నాలుగవదాన్ని కూడా అంగీకరించక తప్పదు. నొప్పి తెలియకుండా పని జరిగితే లాభపడేది ఆ పనిఫలం అందుకొనేవాడే కనుక, పాట అతనికే ఎక్కువ మేలు చేస్తున్నట్లవుతుంది. అప్పుడు పల్లెపాటను గురించిన ప్రశంస అంతా, తెలియకుండానే, యజమాని పక్షాన చేసిన ప్రశంసగా మిగులుతుంది.

ఈ చిక్కును విప్పాలంటే సిద్ధాంతం కన్నా ముందు రోటి దగ్గరకు వెళ్ళవలసి ఉంటుంది.

ఒక రోటిలో వడ్లు పోసి ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలబడి దంచుతున్నారనుకుందాం. ఒకరి రోకలి పడుతున్నప్పుడు రెండవవారి రోకలి పైకి లేవాలి. రోకలి కొసన ఇనుప పొన్ను ఉంటుంది. రెండు రోకళ్ళు గాలిలో తగిలితే పోటు పక్కకు పోతుంది, గింజ నూక అవుతుంది, ఒక్కొక్కసారి చెయ్యి మెలిపడుతుంది. ముగ్గురు దంచేచోట ఈ పొందిక మరీ సున్నితమైనది. వీరితోపాటు మరొక మనిషి కింద కూర్చొని, చెదిరిన వడ్లను పోటుకూ పోటుకూ మధ్య చేత్తో రోటిలోకి ఎగదోస్తుంది. ఆ చేతివేళ్ళు క్షేమంగా ఉండటానికి ఉన్న హామీ ఏమిటి? పోటు ఎప్పుడు పడుతుందో ఆమెకు తెలిసి ఉండటమే. ఆ తెలివిని ఆమెకు అందించేది పాట. సువ్వి అనే ఊతపదానికి అర్థం వెతికినవారు ఉన్నారు. అర్థం ఏదైనా, గాలి విడిచే ధ్వనికి దగ్గరగా ఉన్న ఆ మాట రోకలి దిగేచోట పడటం గమనించదగినది. అంటే ఇక్కడ పాట పనికి చేర్చిన అలంకారం కాదు. రోలు, రోకలి, చేట ఎటువంటివో పాట కూడా అటువంటి పనిముట్టే. పనిని మరచిన మనిషి రోటిలో చెయ్యి పెట్టలేదు. దంపుడు పాటలో ఉన్నది మరపు కాదు, ఎరుక.

ఏతం పాటలు ఇదే సంగతిని మరొక విధంగా చూపుతాయి. ఏతం తొక్కేవాడూ బాన వంచేవాడూ కలిసి పాడే పాటలో లెక్క ఉంటుంది. ఎన్ని బానల నీరు పోసిందీ పాటే చెబుతుంది. మడి తడవడానికి ఎన్ని బానలు కావాలో, ఒకరి వంతు ఎక్కడ ముగిసి మరొకరి వంతు ఎక్కడ మొదలవుతుందో తేల్చేది ఆ లెక్కే కనుక, ఆ పాటలో పరధ్యానానికి తావు లేదు. గూడ వేసి నీళ్ళు తోడే ఇద్దరి సంగతీ అంతే. తాళ్ళు రెండువైపులా ఒకే క్షణంలో బిగియకపోతే గూడలోని నీరు తిరిగి కాలువలోకే పోతుంది. కష్టాన్ని మరపించే పాటలు లేవని దీని అర్థం కాదు. బండి తోలేవాడు రాత్రి దారిలో తీసే రాగం వేరు, పసులకాపరి మధ్యాహ్నపు పాట వేరు. అవి పని పక్కన నడిచే పాటలు. దంపుడు పాట, ఏతం పాట పని లోపల నడిచేవి. ఈ రెండు రకాలనూ శ్రమగేయాలనే ఒకే గంపలో వేయడం వల్లనే మరపు సిద్ధాంతానికి అంత బలం చేకూరింది.

లయకూ శ్రమకూ ఉన్న సంబంధాన్ని విస్తారంగా చర్చించిన తొలి గ్రంథాల్లో జర్మన్ ఆర్థికవేత్త కార్ల్ బ్యూషర్ 1896లో ప్రచురించిన రచన ముఖ్యమైనది. కవిత్వానికీ సంగీతానికీ మూలం సామూహిక శ్రమలోని లయలో ఉందని అతని వాదం. మూలాన్ని గురించిన చర్చ ఇక్కడ అప్రస్తుతం. బ్యూషర్ దృష్టిలో లయ శక్తిని ఆదా చేస్తుంది, కదలికను యాంత్రికం చేసి మనస్సుకు భారం తగ్గిస్తుంది. ఇది నిజమే. కాని ఇది పాటను బయటినుంచి, ఫలితం వైపునుంచి చూసే చూపు. పాడే మనిషికి లయ ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం ఇందులో దొరకదు. ఆశ్చర్యమేమిటంటే, దానికి దగ్గరి సమాధానం శ్రమతో ఏ సంబంధమూ లేనట్లు కనిపించే శాస్త్రగ్రంథంలో ఉంది.

పదమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో సంగీతరత్నాకరం రచించిన శార్ఙ్గదేవుడు తాళాధ్యాయంలో లయను నిర్వచిస్తూ, క్రియ తరువాత వచ్చే విశ్రాంతినే లయ అన్నాడు. ఈ గ్రంథానికి సింగభూపాలుని పేర సంగీతసుధాకరమనే వ్యాఖ్య ఉండటం వల్ల తెలుగు పండితులకు ఇది దూరపు గ్రంథం కాదు. వాడుకలో లయ అంటే దెబ్బ, చప్పట్ల వరుస. శాస్త్రం దృష్టిలో లయ దెబ్బ కాదు, దెబ్బకూ దెబ్బకూ నడిమి తెరపి. ద్రుతంలో ఉన్న విశ్రాంతి రెట్టింపైతే మధ్యలయ, అదీ రెట్టింపైతే విలంబితం. అంటే వేగాన్ని కొలిచేది చేతి చలనం కాదు, చెయ్యి ఆగిన సేపు. ఈ నిర్వచనాన్ని రోటి దగ్గరకు తెచ్చి చూస్తే దంపుడు పాట పని స్పష్టమవుతుంది. రోకలి పైకి లేచి, దిగబోయే ముందు గాలిలో నిలిచే ఆ లిప్తపాటు విశ్రాంతిని పాట కాపాడుతుంది. పాట సాగినంతకాలం ఆ విశ్రాంతిని ఎవరూ లాగుకోలేరు, ఎందుకంటే దానిని తీసివేస్తే పనే చెడుతుంది.

శార్ఙ్గదేవుని ఎరుగని ఒక ఫ్రెంచి రచయిత్రి దాదాపు ఇదే మాటను కర్మాగారంలో కనుగొన్నది. తత్త్వశాస్త్ర అధ్యాపకురాలైన సిమోన్ వెయిల్ 1934–35లో పారిస్ ప్రాంతపు కర్మాగారాల్లో కూలిగా పనిచేసింది. ఆ అనుభవం మీద రాసిన వ్యాసంలో ఆమె రెంటి మధ్య భేదం చెప్పింది. పొలంలో కొడవలి పట్టినవాడు ఎంత చురుకుగా కదిలినా అతని కదలికల్లో క్షణమాత్రపు నిలుపుదలలు ఉంటాయి, అది లయ. యంత్రం ముందు కూలి కదలికల్లో ఆ నిలుపుదలలు ఉండవు. అక్కడ ఉన్నది కేవలం ఒకదాని మీద ఒకటి వచ్చి పడే వడి. మనిషికి పని వల్ల కలిగే అవమానం శ్రమ ఎక్కువ కావడం వల్లనే కాదు, ఆగే హక్కు పోవడం వల్ల కూడా అన్నది ఆమె పరిశీలన సారం. వెయిల్ రైతుకూలీల కష్టాన్ని కొంత సుందరంగా చూసిందన్న విమర్శకు తావుంది. అయినా భేదం నిలుస్తుంది.

ఇక్కడ ఒక తీవ్రమైన ఆక్షేపణ వస్తుంది. దాన్ని దాటవేస్తే ఈ విచారణకు విలువ ఉండదు. రోకటిపోటుకు లయ తన చేతిలో ఉన్న కోడలికి, రోటిలో ఎన్ని కుంచాల వడ్లు పోయాలన్నది తన చేతిలో లేదు. వేకువన కోడి కూయకముందే ఎందుకు లేవాలన్నదీ ఆమె నిర్ణయం కాదు. తెలంగాణలో దొరల ఇళ్ళలో వడ్లు, పసుపు, కారం దంచడం కూడా వెట్టిచాకిరిలో భాగంగా ఉండేది. ఆ దంపుకు కూడా పాట ఉండే ఉంటుంది. పోటుకూ పోటుకూ నడుమ దక్కిన ఆ కాసింత విశ్రాంతిని స్వేచ్ఛ అని పిలవడం, గొలుసు పొడవును కొలిచి నడకను మెచ్చుకోవడం కాదా?

ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రచురించిన ఆత్మకథలో ఈ ప్రమాదాన్ని నేరుగా ఎదుర్కొన్నాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల బానిసల పాటను వారి సంతృప్తికి నిదర్శనంగా చెప్పేవారు ఉత్తరాన కూడా ఉండటం చూసి అతడు విస్తుపోయాడు. బానిసలు ఎక్కువగా పాడేది ఎక్కువ దుఃఖంలో ఉన్నప్పుడేనని అతని సాక్ష్యం. శ్రమగేయాన్ని ఆనందానికి గుర్తుగా చదివే ప్రతి పరిశోధకుడూ ఈ సాక్ష్యానికి జవాబు చెప్పవలసి ఉంటుంది. పల్లె స్త్రీ గొంతెత్తి పాడుతోంది కనుక ఆమె సుఖంగా ఉందనే అభిప్రాయం తెలుగు వ్యాసాల్లోనూ అక్కడక్కడ తొంగిచూస్తుంది.

డగ్లస్ మాటను అంగీకరించిన తరువాత కూడా మరపు సిద్ధాంతం వైపు తిరిగి వెళ్ళనక్కరలేదు. బ్రూస్ జాక్సన్ 1960ల దశకంలో టెక్సాస్ జైలు పొలాల్లో ఖైదీల పనిపాటలను సేకరించి 1972లో గ్రంథంగా వెలువరించాడు. అక్కడి గొడ్డలిపాటకు ఖైదీలు చెప్పిన ప్రయోజనాల్లో ఒకటి మరువరానిది. అందరి గొడ్డళ్ళూ పాటతో కలిసి పడుతున్నప్పుడు, బలహీనుడెవడో, మందకొడిగా చేస్తున్నవాడెవడో కాపలావాడికి తెలియదు. వేగం జట్టుది అవుతుంది. ఒక్కణ్ణి వేరుచేసి శిక్షించడం కష్టమవుతుంది. బందిఖానాలో ఉన్నవాడికి ఇది విముక్తి కాదు. కాని దీన్ని మరపు అనడం కూడా సాధ్యం కాదు. ఇది ఒకరి వీపును మరొకరు కాచుకోవడం. నాట్ల వరుసలో ముందు పాడే మనిషి వయసుమళ్ళినదాన్ని, కడుపుతో ఉన్నదాన్ని చూసుకొని చరణం సాగదీసినప్పుడు జరిగేదీ ఇటువంటిదే. ఆ సాగదీతను అచ్చుపుస్తకంలో చూపే గుర్తు లేదు.

కనుక ప్రశ్నను మార్చి వేయవలసి ఉంది. పాట శ్రమను తేలిక చేస్తుందా లేదా అన్నది కాదు, లయ ఎవరి చేతిలో ఉందన్నది అడగాలి. ఈ ప్రశ్న వేస్తే పైకి ఒకేలా కనిపించే రెండు సంగతులు వేరుపడతాయి. 1940 జూన్‌లో బ్రిటన్‌లో బీబీసీ యుద్ధకాలపు కర్మాగారాల కోసం ప్రత్యేక సంగీత ప్రసారాన్ని మొదలుపెట్టింది. పనివాళ్ళ ఉత్సాహం నిలిపి ఉత్పత్తి పెంచడం దాని ఉద్దేశం. 1942లో ఒక అమెరికన్ పాటను పనివేళల ప్రసారాల నుంచి తొలగించారు. ఆ పాటలో చప్పట్లు కొట్టే ఘట్టం ఉంది. పనివాళ్ళు పనిముట్లు వదిలి చప్పట్లలో పడిపోతారని భయపడ్డారు. చెవికి లయ ఇవ్వవచ్చు, చేతికి ఇవ్వకూడదు. పాటను యజమాని పనిముట్టుగానూ పనివాడి పనిముట్టుగానూ వేరుచేసే గీత ఇంతకన్నా స్పష్టంగా మరెక్కడా కనిపించదేమో.

రోటి దగ్గర లయతో పాటు మాట కూడా పాడేవారి చేతిలోనే ఉండేది. దంపుడు పాటల్లో అత్తగారి ఆరళ్ళు వస్తాయి, పుట్టింటి దారి వస్తుంది, సవతి వస్తుంది, సీత కష్టాలు వస్తాయి. అత్త దగ్గరలో ఉండగానే, ఆమె వడ్లే దంచుతూ, అత్తను గురించి పాడటానికి పాట అనుమతి ఇస్తుంది. మామూలు మాటగా అంటే తగాదా అయ్యేది పాటగా అంటే చెల్లిపోతుంది. శ్రమను మరచేవారు తమను శ్రమపెట్టేవారి పేరు ఎత్తరు. స్త్రీల రామాయణ పాటలను పరిశీలించిన వెల్చేరు నారాయణరావు, పాడేవారి కులాన్నీ స్థితినీ బట్టి రామకథలో ఏది ముఖ్యమవుతుందో మారుతుందని చూపించారు. పెరటిలో తీరికగా పాడేవారి సీత, పొలంలో వంగి పాడేవారి సీత ఒకరు కారు. సృజన అనే మాటను గ్రంథకర్తలకే పరిమితం చేసే అలవాటు వల్ల ఈ తేడాలు చాలాకాలం పాఠాంతరాలుగా మాత్రమే లెక్కకు వచ్చాయి.

పాట రోటిని విడిచి పుస్తకంలోకి రావడం ఈనాటిది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు మొదలైనవాటిని పేర్కొన్నాడు. పదిహేనవ శతాబ్దిలో తాళ్ళపాక అన్నమాచార్యుడు సువ్వి పాటను సంకీర్తనగా మలచాడు. అక్కడ దంచేది భావనలోని స్త్రీలు, దంపబడేది భావనలోని ధాన్యం. చేతికి పని లేదు, లయ మాత్రం దంపుదే. ఇది అపహరణ అనడం తొందరపాటు అవుతుంది. చేతిపని లయకు దైవసన్నిధిలో చోటు కల్పించిన కవి అతడు. అయితే సాహిత్యచరిత్రలో ఆ సంకీర్తనకు దొరికిన పేరూ కాలమూ రాగమూ, అసలు సువ్వి పాడినవారిలో ఒక్కరికీ దొరకలేదన్నది కూడా నిజమే. 1950ల దశకంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు చేసిన పరిశోధన, నేదునూరి గంగాధరం వంటివారి సేకరణ ఆ లోటును కొంత పూరించాయి. ఆ సేకరణలు లేకపోతే నేడు మాట్లాడటానికి పాఠమే ఉండేది కాదు. కాని పాడే మనిషిని కూర్చోబెట్టి చెప్పించుకొన్న పాటలో పోట్లు ఉండవు. ఊతపదం రెండుసార్లు రాసి తక్కినచోట చుక్కలు పెట్టడం సౌలభ్యం కోసం జరిగింది. చుక్కలు పెట్టినచోటనే లయ ఉంది.

ఇక మర. వడ్లమరలు వచ్చాక దంపుడు పాట పోయిందని విచారించడం తేలిక. రోకలి ఎత్తి దించిన భుజాలు ఆ విచారంలో పాలు పంచుకోవు. వేకువజాము నుంచి దంచి, చెరిగి, వండి, పొలానికి పోయిన స్త్రీకి మర దేవుడిచ్చిన సెలవు. ఒక పాటను బతికించడానికి ఒక చాకిరీని బతికించమనడం నైతికంగా నిలువదు. అలాగని మర నిష్కళంకం కూడా కాదు. తవుడు పూర్తిగా పోయిన తెల్లని పచ్చిబియ్యం ప్రధానాహారమైన ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి వ్యాధి ఉండేది; తవుడుతో పోయే బి1 విటమిన్ లోపమే దానికి కారణం. కూలికి దంచి, నూకలూ తవుడూ కూలిగా తెచ్చుకొనే పేద స్త్రీలకు, వితంతువులకు ఆ ఆధారం పోయింది. 1934లో వార్ధాలో గాంధీజీ నెలకొల్పగా జె.సి. కుమారప్ప నడిపిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యాన్ని ఒక పరిశ్రమగా నిలపడానికి పాటుపడింది. దంపుడు బియ్యం మేలని వాదించడం సులభం. దంచే చేతులు ఎవరివి, వాటికి ఎంత ఇవ్వాలన్నదే కష్టమైన ప్రశ్న. నేడు పట్టణపు అంగళ్ళలో దంపుడు బియ్యం పేరుతో అమ్ముడయ్యేది చాలావరకు మరలో తక్కువ పాలిషు పట్టినదే. పేరులో దంపు మిగిలింది.

దంపు పోయినా, లయను ఎవరు పట్టుకున్నారన్న ప్రశ్న పోలేదు. వరినాట్లు అనేకచోట్ల ఇంకా చేతితోనే సాగుతున్నాయి. దినకూలి పోయి ఎకరాకింత అని గుత్తకు ఒప్పుకొన్నచోట పాట తగ్గడం సహజం. ఎన్ని ఎకరాలు త్వరగా ముగిస్తే అంత మిగులుతుంది కనుక, చరణం సాగదీసే తీరిక ఎవరికీ ఉండదు. గట్టు మీద ఫోనులో సినిమా పాట మోగుతూ ఉండవచ్చు. ఆ పాట చెడ్డదేమీ కాదు. కాని వరుసలో ఎవరు వెనకబడ్డారో దానికి తెలియదు. ఇక్కడ పని తొందర చేసేది యజమాని అదలింపు కాదు, కూలీలు తామే ఒప్పుకొన్న లెక్క. అందుచేత దీన్ని విమర్శించడం మరీ కష్టం.

మరపు కోసం పాట అన్న వాక్యానికి తెలుగు నేలమీదే బలమైన ప్రత్యుత్తరం ఉంది. పసులు కాచే పసివాణ్ణి గురించి సుద్దాల హనుమంతు కట్టిన పాట జానపదుల బాణీలో సాగుతూ, ఆ పిల్లవాడు కోల్పోయినదాన్ని ఒక్కొక్కటిగా అడుగుతుంది. పని లోపలి లయను పని మీది ప్రశ్నగా తిప్పిన పాట అది. మరపే శ్రమగేయపు స్వభావమైతే అటువంటి తిప్పు సాధ్యమయ్యేదే కాదు. ప్రజానాట్యమండలి తరం కవులు జానపద బాణీలను వాడుకున్నది ప్రచార సౌలభ్యం కోసమేనని కొందరు విమర్శకులంటారు. అదొక కారణం కావచ్చు. ఆ బాణీల్లో పాడేవారి ఎరుక అప్పటికే ఉండటం అంతకన్నా పెద్ద కారణం.

దంపు ఇప్పటికీ చేతిలో మిగిలిన తావు పెండ్లి ఇల్లు. రోకలికి మామిడాకులూ పసుపుకొమ్మూ కట్టి, ముత్తయిదువలు రోటిలో నాలుగు పసుపుకొమ్ములు వేసి సువ్వి పాటతో దంచుతారు. ఇంటికి కావలసిన పసుపు అప్పటికే అంగడినుంచి వచ్చి ఉంటుంది. దంచినది అక్షతలకు చాలితే చాలు. ఇక్కడ చాకిరీ లేదు, లెక్క లేదు, అత్త పర్యవేక్షణ కూడా లేదు. అయినా రోకలి అలవాటు లేని కొత్త తరం స్త్రీలు ఇద్దరూ ఒక్కసారే దించితే రోకళ్ళు తగులుకుంటాయి, కొమ్ములు ఎగిరి వాకిట్లో పడతాయి, అందరూ నవ్వుతారు. అప్పుడు ఏ మేనత్తో అమ్మమ్మో ముందుకు వచ్చి ఒక రోకలి అందుకుంటుంది. పాట ఎత్తుకోకముందే ఎదుటి అమ్మాయి చెయ్యి పట్టి ఆపుతుంది: "ఆగమ్మా, నాది పడనీ. పడ్డాక నీది వెయ్యి."